పూతరేకుల సైట్ రెడీ, 42,000 మాత్రం రాలేదు. ఫ్రీలాన్స్ వెబ్ డెవలపర్లు ఎలా నెట్టుకొస్తున్నారండి?

గోదారి_గట్టు (రాజమండ్రి) · సోమవారం రాత్రి 10:47

అందరికీ నమస్తే అండి. ఆరేళ్ళు హైదరాబాద్‌లో ఉద్యోగం చేసి, నాన్నగారికి ఒంట్లో బాగోక ఏడాదిన్నర కిందట ఇంటికొచ్చేశాను. అప్పట్నుంచి ఒక్కణ్నే సైట్లు చేసుకుంటున్నాను. ఎక్కువగా సైట్లు కట్టే వర్డ్‌ప్రెస్, దాని మీద ఆన్‌లైన్ దుకాణం పెట్టే వూకామర్స్. అప్పుడప్పుడు లారావెల్.

ఆత్రేయపురం వైపు ఒక మిఠాయి దుకాణం వాళ్ళకి పూతరేకులు ఆన్‌లైన్‌లో అమ్ముకునే సైట్ చేశాను. మొత్తం 70,000. అడ్వాన్సు 28,000 ఇచ్చారు. మిగతా 42,000 "సైట్ పూర్తయ్యాక" అని నా కొటేషన్‌లో నేనే రాశాను. నా పని ఫిబ్రవరిలోనే అయిపోయింది. ఇప్పుడు జూన్. అడిగితే ఆయన "డబ్బులు కట్టే బటనే పనిచేయట్లేదు కదా బాబూ, పూర్తయినట్టు ఎలాగవుద్ది?" అంటారు. ఆ బటన్ పనిచేయాలంటే ఆన్‌లైన్ చెల్లింపులు చూసే రేజర్‌పే వాళ్ళు ఖాతా ఓకే చేయాలి. వాళ్ళు చేయాలంటే ఈయన పాన్, బ్యాంకు కాగితాలు ఇవ్వాలి, సైట్‌లో రిఫండ్, షిప్పింగ్ పాలసీ పేజీలుండాలి. దారిలో విరిగిపోయిన పూతరేకులకి డబ్బు వెనక్కిస్తారా, ఇవ్వరా అని మార్చి నుంచి అడుగుతున్నాను. ఆ ఒక్క ముక్క చెప్పరు.

మనిషి చెడ్డోడు కాదండి. వెళ్ళినప్పుడల్లా ఓ డబ్బా చేతిలో పెట్టి పంపిస్తారు. ఇప్పటికి ఐదు డబ్బాలు తిన్నాం.

ఈ డబ్బు రాబట్టేదెలా? పన్లో పనిగా, రోజూ మీరు ఏమేం వాడతారో, పని ఎలా నడుపుకుంటారో కూడా చెప్పండి. ఇక్కడ చుట్టుపక్కల ఈ పని చేసేవాళ్ళు నాకెవరూ తెలీదు.


డెడ్‌లైన్_దేవుడు (హైదరాబాద్) · సోమవారం రాత్రి 11:15

అన్నా, గింత సోచాయించుడు ఎందుకు. సైట్ బంద్ పెట్టు. నేనైతే ప్రతి సైట్ల ఒక చిన్న ఫైల్ దాచి పెడ్త. పైసలు ఆగినయ్ అంటే ఒక్క లింక్ నొక్కుత, తెల్ల పేజీ వస్తది. పది నిమిషాల్ల ఫోన్ వస్తది.


రాత్రి_కమిట్ (విజయవాడ) · మంగళవారం ఉదయం 6:20

తమ్ముడూ, పొద్దున్నే ఇది చూసి కాఫీ పక్కన పెట్టి రాస్తున్నా. నేను ఈ పనిలోకొచ్చి 14 ఏళ్ళు. దయచేసి ఆ దొంగ ఫైల్ సలహా ఎవరూ పాటించకండి.

సైట్ ఒకసారి వాళ్ళ సర్వర్ మీదికి వెళ్ళాక, వాళ్ళకి చెప్పకుండా నువ్వు దాన్ని ఆపితే 2000 నాటి ఐటీ చట్టంలో సెక్షన్ 43 కిందికి రావచ్చు. మోసపూరితంగా గానీ, నిజాయితీ లేకుండా గానీ చేశావని తేలితే సెక్షన్ 66. మూడేళ్ళ దాకా జైలు, ఐదు లక్షల దాకా జరిమానా. నీకు రావాల్సింది 42,000. వాళ్ళు నీకు బాకీ ఉన్నవాళ్ళు కాస్తా నీ మీద కేసు పెట్టినవాళ్ళవుతారు.

అదే సైట్ నీ సొంత సబ్‌డొమైన్ మీద ఉంటే కథ వేరు. అది నీ ఇల్లు, తలుపు వేసుకుంటావు. అందుకే నేను ఎంత చిన్న సైటయినా నా దగ్గరే కట్టి చూపిస్తా. ఆఖరి వాయిదా ఖాతాలో పడ్డాకే వాళ్ళ హోస్టింగ్‌కి, అంటే వాళ్ళు అద్దెకి తీసుకున్న సర్వర్‌కి, ఎక్కిస్తా.

గోదారి గట్టు గారూ, మీ సైట్ ఎవరి హోస్టింగ్‌లో ఉంది? డొమైన్, అదే సైట్ అడ్రసు, ఎవరి పేరు మీద కొన్నారు?


గోదారి_గట్టు · మంగళవారం ఉదయం 9:02

రెండూ నా ఖాతాలోనే ఉన్నాయండి. ఆయనకి ఈమెయిలే లేదు. నా కార్డుతో కొని బిల్లులో కలిపాను.


రాత్రి_కమిట్ · మంగళవారం ఉదయం 9:30

హోస్టింగ్ మీ దగ్గరుండటం ఇవాళ మీకు అక్కరకొచ్చేలా కనిపిస్తుంది. డొమైన్ మాత్రం ఆయన పేరు మీదికి మార్చేయండి, డబ్బు గొడవతో సంబంధం లేకుండా.

నేనెందుకంటున్నానంటే, ఒక స్కూలు వాళ్ళ డాట్ కామ్ నా ఖాతాలోనే ఉండేది. వాళ్ళు రెన్యూవల్ డబ్బు పంపలేదు, నాకేమో ఆ నెల పురుడు. గడువు దాటింది. రిజిస్ట్రార్, అంటే డొమైన్ అమ్మినవాళ్ళు, ఇచ్చే వెసులుబాటు రోజులు అయిపోయాయి. ఆ తర్వాత 30 రోజులు రిడెంప్షన్, అందులో వెనక్కి తెచ్చుకోవాలంటే మామూలు ధరకి ఎన్నో రెట్లు. అదీ దాటితే ఐదు రోజుల్లో ఎవరైనా కొనేసుకోవచ్చు. చంటిపిల్లని ఒళ్ళో పెట్టుకుని రిడెంప్షన్ ఫీజు నా జేబులోంచి కట్టా. బ్రోచర్లన్నిటి మీదా అదే అడ్రసు అచ్చయి ఉందాయె.


ఓరుగల్లు_కోటగుమ్మం (హన్మకొండ) · మంగళవారం ఉదయం 11:48

అక్క చెప్పింది వంద శాతం. కానీ డొమైన్ వాళ్ళ చేతికిచ్చినంక ఇంకో ముచ్చట ఉంటది, గది కూడా వినుండ్రి.

ఒక ఆస్పత్రి సైట్ చేసిన. డొమైన్ డాక్టర్ సారు పేరు మీదనే. ఓ శుక్రవారం రాత్రి సారు బామ్మర్ది, ఇంజినీరింగ్ చదువుతుండు, "కొత్త హోస్టింగ్ చౌకగ దొరికింది" అని నేమ్‌సర్వర్లు, అంటే డొమైన్ రికార్డులు ఏడ ఉన్నయో చెప్పేటివి, మార్చిండు. సైట్ బాగనే వచ్చింది. మెయిల్ మాత్రం బందయింది. ఎందుకంటే మెయిల్‌కి సంబంధించిన ఎంఎక్స్ రికార్డులు పాత దగ్గరనే ఉండిపోయినయ్. శని, ఆదివారాలు ఎవరూ చూడలే. ల్యాబ్ రిపోర్టులు పంపినోళ్ళకి తిరిగొస్తున్నయ్. సోమవారం పొద్దున నాకు ఫోన్, "నీ సైట్ వల్ల మెయిల్ పోయింది" అని.

అప్పటి సంది సైట్ అప్పజెప్పే రోజు ఆ డొమైన్ డీఎన్‌ఎస్ రికార్డులు (సైట్, మెయిల్ ఏ సర్వర్‌కి పోవాల్నో చెప్పేటివి) మొత్తం ఓ కాగితం మీద ప్రింట్ తీసి, కింద "ఇవి మార్చేముందు నాకు ఫోన్ చేయండి" అని రాసి ఇస్త. ఒక పెద్దాయన దాన్ని ఫ్రేమ్ కట్టిచ్చి బిల్లింగ్ కౌంటర్ మీద పెట్టిండు. నవ్వొస్తది గానీ, ఆయన సైట్‌కి ఒక్కసారి కూడా ఏం కాలే.

నేనే సర్వర్ మార్చాల్సొస్తే ఒక రోజు ముందు టీటీఎల్, అంటే పాత అడ్రసు ఎంతసేపు గుర్తు పెట్టుకోవాల్నో ఆ లెక్క, 300 సెకన్లకి దించుత. లేకపోతే సగం మందికి పాత సైట్, సగం మందికి కొత్త సైట్ కనబడి పిచ్చి లేస్తది.


సీమ_ఎండ (అనంతపురం) · మంగళవారం మధ్యాహ్నం 2:05

పనిముట్లు అడిగినావు కాబట్టి నా లెక్క చెప్తా. వీఎస్ కోడ్, గిట్, సొంత మిషన్ మీద సైట్ కట్టుకునేదానికి లోకల్. పాస్‌వర్డ్‌లకి బిట్‌వార్డెన్. నోట్స్‌కి మామూలు నోట్‌బుక్కు, రెనాల్డ్స్ పెన్ను. ఇన్వాయిస్ ఎక్సెల్. ఇంతే.

ఇవన్నీ ఎవడైనా చెప్తాడు. మన తెలుగు సైట్లకు మాత్రం ఇంకో రకం తలనొప్పి ఉండాది, దాని గురించి ఎవరూ రాయరు.

పోయినేడు ఒక చిన్న మాసపత్రిక వాళ్ళు పదేండ్ల పాత సంచికలు సైట్లో పెట్టమన్యారు. ఫైళ్ళన్నీ పేజ్‌మేకర్లో, అను ఫాంట్లలో. కాపీ చేసి వర్డ్‌ప్రెస్‌లో వేస్తే గుర్తులు, ఇంగ్లీషు అక్షరాలు కలగాపులగంగా వచ్చినాయి. ఎందుకంటే అను యూనికోడ్ (అన్ని చోట్లా ఒకే తీరుగా చదివే అక్షరాల కోడు) కాదు. ఇంగ్లీషు అక్షరాల గదుల్లో తెలుగు ముక్కలు కూర్చోబెట్టినారు, ఆ ఫాంటు తీసేస్తే లోపల ఉండేది ఇంగ్లీషే. కన్వర్టర్‌లో వేసినా సగం పనే. ఒత్తులు పోయి పక్క అక్షరానికి తగులుకుంటాయి. దిద్దేదానికి ఒక రిటైర్డ్ తెలుగు పంతులును పెట్టుకున్యాం. పేజీకి ఇంత అని ఇస్తే, ఆయప్ప అచ్చుతప్పులతో పాటు రచయితల వ్యాకరణం కూడా దిద్దినాడు.

ఆపైన లింకుల గొడవ. వర్డ్‌ప్రెస్ ఒక పోస్టు అడ్రసుకు 200 అక్షరాలే ఇస్తుంది. తెలుగు అక్షరం అడ్రసులోకి పోయేసరికి శాతం గుర్తులతో కోడుగా మారి ఒక్కోటి 9 చోట్లు తింటుంది. గుడింతం, ఒత్తు, సున్న కూడా విడిగానే లెక్క. అంటే 22 దాటితే కట్. "రాయలసీమ పాతకాలపు కరువు కథలు మొదటి భాగం", "రాయలసీమ పాతకాలపు కరువు కథలు రెండో భాగం" రెండిటికీ లింకు ఒకే చోట తెగి, రెండో దానికి వెనకాల 2 తగిలిస్తుంది. వాట్సాప్‌లో పంపితే ఆ శాతం గుర్తుల తోరణం ఒకటి. ఇప్పుడు ప్రతి పోస్టుకూ ఇంగ్లీషు లిపిలో చిన్న స్లగ్, అంటే లింకు చివరి ముక్క, నేనే ఇస్తా.

ఇంగొకటి. ఇంగ్లీషు థీములో వరుసల మధ్య ఎడం 1.2 పెట్టింటారు. మన "క్ష్మి", "స్త్రీ" లాంటివాటికి కింద ఒత్తులు తెగిపోతాయి. 1.7కు పెంచాల్సిందే. శీర్షికకు రామభద్ర, లోపల మాటరుకు మండలి గానీ నోటో సాన్స్ తెలుగు గానీ. అన్నీ గూగుల్ ఫాంట్స్‌లో ఊరికే దొరుకుతాయి.


కోడ్_కషాయం (విశాఖ) · మంగళవారం మధ్యాహ్నం 3:31

సీమ అన్నా, స్లగ్ ముక్కకి దండం. మా క్లయింటు "లింకులు ఎందుకు మధ్యలో తెగాయి" అంటే రెండ్రోజులు ప్లగిన్లన్నీ ఒక్కోటి ఆపి చూశాను.


నైట్‌షిఫ్ట్_నాన్న (డాలస్) · మంగళవారం సాయంత్రం 6:10

నేను అవతలి గట్టు మీదున్నవాణ్ని. ఇక్కడ చిన్న వ్యాపారం ఉంది, సైట్ పనులు మన వైపు ఫ్రీలాన్సర్లకే ఇస్తుంటా. ఒక మాట చెప్తా, తిట్టుకోవద్దు. మీరు డబ్బు అడగరు! "సార్, కాస్త ఆ పేమెంట్ విషయం చూడగలరు" అని మెసేజ్ చివర్లో, దండం బొమ్మ పక్కన పెడతారు. నేనది చదివి మర్చిపోతా. ఇక్కడివాళ్ళు ఇన్వాయిస్ పంపుతారు, అందులో నంబరు, తేదీ, ఎప్పటిలోగా కట్టాలో ఉంటుంది. అది నా అకౌంటెంట్ చూసి కట్టేస్తాడు, నా మొహమాటంతో పనిలేదు.


గోదారి_గట్టు · మంగళవారం సాయంత్రం 7:44

బాబోయ్, ఆ దండం బొమ్మ నేనూ పెట్టానండి. నాలుగుసార్లు.

ఇన్వాయిస్ అయితే పంపలేదు. ఊళ్ళోవాళ్ళకి ఇన్వాయిస్ ఏం పంపుతాంలే అనుకున్నాను.


లెక్కల_చిట్టా (గుంటూరు) · మంగళవారం రాత్రి 9:18

నేను డెవలపర్ని కాదు, మా ఆయన డెవలపర్. ఆయన కాగితాలన్నీ నేనే చూస్తాను, కాబట్టి ఇది నా సబ్జెక్టు.

ముందు ఉద్యమ్ (చిన్న వ్యాపారాల) రిజిస్ట్రేషన్ చేయించుకోండి. ఆధార్, పాన్ ఉంటే చాలు. ప్రభుత్వ పోర్టల్‌లో పూర్తిగా ఉచితం. ఫీజు అడిగే సైట్లు అచ్చం సర్కారువాటిలాగే ఉంటాయి, చూసుకోండి. దీనివల్ల లాభం ఏంటంటే, 2006 నాటి ఎంఎస్‌ఎంఈ చట్టం ప్రకారం కొన్నవాళ్ళు ఒప్పుకున్న గడువులోగా డబ్బు కట్టాలి, ఆ గడువు కూడా 45 రోజులు మించకూడదు. దాటితే ఆర్‌బీఐ బ్యాంకు రేటుకి మూడు రెట్లు వడ్డీ, నెలనెలా చక్రవడ్డీ. ప్రభుత్వ ఆన్‌లైన్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టొచ్చు. పని మొదలెట్టకముందే రిజిస్టరై ఉంటే వాదనకి తావుండదు. ఈ పూతరేకుల బాకీకి పనికొస్తుందని నేను భరోసా ఇవ్వను గానీ, వచ్చే పనికి పనికొస్తుంది. మా ఇన్వాయిస్ కింద ఆ ఉద్యమ్ నంబరూ, 45 రోజుల మాటా అచ్చయి ఉంటాయి. ఫిర్యాదు దాకా ఎప్పుడూ వెళ్ళలేదు, ఆ లైను చూసే కడుతున్నారు.

పన్ను సంగతి అడగలేదు గానీ చెప్పేస్తా. ఐటీలాంటి వృత్తులవాళ్ళు (1961 నాటి ఆదాయపన్ను చట్టంలో సెక్షన్ 44ఏడీఏ) వసూళ్ళలో సగమే ఆదాయంగా చూపొచ్చు. 12 లక్షలొస్తే 6 లక్షల మీదే లెక్క, ఖర్చుల బిల్లులు దాచక్కర్లేదు. ఏడాదికి 50 లక్షల దాకా వర్తిస్తుంది. నగదు 5 శాతం దాటకపోతే 75 లక్షల దాకా. అడ్వాన్సు టాక్సు మార్చి 15లోగా ఒక్కసారే. జీఎస్టీ రిజిస్ట్రేషన్ సర్వీసులకి ఏడాదికి 20 లక్షలు దాటాకే. విదేశీ క్లయింట్ల డబ్బూ ఆ 20లోకే వస్తుంది, చాలామంది రాదనుకుంటారు. బయటి డబ్బుకి బ్యాంకు పర్పస్ కోడ్ అడిగితే సాఫ్ట్‌వేర్ కన్సల్టెన్సీకి పీ0802. ఫిరా కాగితం, అంటే విదేశం నుంచి డబ్బొచ్చిందని బ్యాంకు ఇచ్చే పత్రం, తప్పకుండా తీసి దాచుకోండి.

ఎవరైనా టీడీఎస్ అని పన్ను ముందే కోసుకుని మిగతాది ఇస్తే సంబరపడి ఊరుకోకండి. పన్ను శాఖ సైట్‌లో మీ పాన్ మీద పడిందో లేదో చూడండి. మా ఆయన దగ్గర పది శాతం కోసిన ఒక కంపెనీ రెండేళ్ళయినా కట్టలేదు. అడిగితే "మా ఆడిటర్ మారారు" అంటారు.


డెడ్‌లైన్_దేవుడు · మంగళవారం రాత్రి 10:02

మేడం, ఇది సేవ్ చేసుకున్న. రాత్రి కమిట్ అక్కా, మీరు చెప్పింది చదివినంక నా సైట్లల్ల ఉన్న ఆ ఫైళ్ళు తీస్తున్న. మూడిట్ల తీసిన. నాలుగోదాంట్ల ఏ ఫోల్డర్ల పెట్టిన్నో యాదికొస్తలేదు.


రాత్రి_కమిట్ · మంగళవారం రాత్రి 10:09

వెతుకు నాయనా, నీకంటే ముందు ఇంకెవడో వెతికి పట్టుకుంటాడు.

ఆ మాట ఊరికే అనట్లేదు. ఒక బట్టల షాపు సైట్ నా దగ్గరికొచ్చింది, "గూగుల్‌లో మా పేరు కొడితే జపాన్ భాష వస్తోంది" అని. చూస్తే వేల కొద్దీ జపనీస్ పేజీలు ఇండెక్స్ అయి ఉన్నాయి, నకిలీ హ్యాండుబ్యాగులు అమ్మేవి. మామూలుగా సైట్ తెరిస్తే మాత్రం చీరలే కనిపిస్తాయి. గూగుల్ వచ్చినప్పుడు మాత్రమే వేరే ముఖం చూపిస్తుంది. ముందు చేసిన కుర్రాడు టెలిగ్రామ్‌లో ఎవరో ఊరికే పంచిన ప్రీమియం థీమ్ వేశాడు. అసలు దొంగ అందులోనే ఉన్నాడు.

శుభ్రం చేయడానికి నాలుగు రోజులు పట్టింది. ఫొటోలుండే అప్‌లోడ్స్ ఫోల్డర్‌లో పీహెచ్‌పీ ఫైలు, అంటే సర్వర్ మీద నడిచే కోడు, ఒక్కటి కూడా ఉండకూడదు, అక్కడ పదకొండు దొరికాయి. ఒకటి తీసేస్తే పది నిమిషాల్లో మళ్ళీ పుడుతోంది, ఎక్కడో క్రాన్, అంటే టైముకి తనంతట తానే నడిచే పని, నడుస్తోంది. గూగుల్ సెర్చ్ కన్సోల్ తెరిస్తే మాకు తెలియని ఓనరు ఒకడున్నాడు! చివరికి వర్డ్‌ప్రెస్ కొత్తది, థీమ్ కొనుక్కుని కొత్తది, పాత డేటాబేస్‌లోంచి సరుకుల వివరాలు మాత్రం తీసుకుని మళ్ళీ కట్టా. హోస్టింగ్ వాళ్ళ దగ్గర బ్యాకప్ ఉంది గానీ, అది ఏడు రోజులది. దాని నిండా కూడా జపాన్ బ్యాగులే.

అప్పట్నుంచి అప్‌డ్రాఫ్ట్‌ప్లస్ అనే ప్లగిన్‌తో వారానికోసారి నా డ్రైవ్‌లోకి బ్యాకప్, పాతవి మూణ్నెల్లవి ఉంచుతా. రెండు నెలలకోసారి ఏదో ఒక సైట్ బ్యాకప్ తీసి నా లాప్‌టాప్‌లో నిజంగా లేస్తుందా అని చూస్తా. నెలకి ఇంత అని నిర్వహణ రుసుం తీసుకునేది దీనికే. క్లయింట్లకి ఆ రుసుం ఎందుకో అర్థం కాకపోతే ఈ చీరల కథ చెప్తా.


కోడ్_కషాయం · బుధవారం ఉదయం 8:55

నాకు టెక్నికల్ బాధలకన్నా ఇంట్లో బాధలే ఎక్కువండి. "ఇంట్లోనే ఉన్నావు కదా" అన్న మాటతో రోజుకి రెండు గంటలు పోతాయి. సిలిండర్ వాడొస్తే నేనే, మావయ్యగారికి పెన్షన్ యాప్ అంటే నేనే. జూమ్ కాల్‌లో ఉంటే వెనక నుంచి "ఉల్లిపాయలు అయిపోయాయి రా". ఆ అమెరికా క్లయింటు ఇప్పుడు "హౌ ఆర్ ది ఆనియన్స్" అని పలకరిస్తాడు.

పెళ్ళిచూపుల్లో "అబ్బాయి ఏం చేస్తాడు" అంటే మా అమ్మ ఇప్పటికీ పాత కంపెనీ పేరే చెప్తుంది.


ఓరుగల్లు_కోటగుమ్మం · బుధవారం ఉదయం 9:40

నా మందు చెప్తున్న. మేడ మీద అర్ర ఒకటి ఖాళీ చేయించుకున్న. పొద్దున తొమ్మిదికి చెప్పులేసుకుని, "పోయొస్త" అని చెప్పి, బయట మెట్లెక్కి పైకి పోత. ఒంటిగంటకి దిగొస్త. మొదట్ల అందరూ నవ్విండ్రు. ఇప్పుడు మా అమ్మ "ఆఫీసుకు పోయిండు" అనే చెప్తది.

కరెంటుకి ఇంట్ల ఇన్వర్టర్ ఉన్నా రౌటర్‌కి 12 వోల్టుల చిన్న యూపీఎస్ విడిగ పెట్టుకోండ్రి. గాలివాన రాత్రి సైట్ ఎక్కిస్తుంటే మధ్యల నెట్ పోతే ఆ సంగతి పగవాడికి కూడా వద్దు.


నిర్వాహకుడు · బుధవారం ఉదయం 10:15

అను కన్వర్టర్ పేరుతో ఎవరో పెట్టిన డౌన్‌లోడ్ లింకు తీసేశాను. అది కన్వర్టర్ కాదు. చర్చ కొనసాగించండి.


గోదారి_గట్టు · శనివారం రాత్రి 8:36

కబురు చెప్దామని వచ్చాను.

బుధవారం ఇన్వాయిస్ తయారుచేశాను, నంబరు 001. ఏడాదిన్నరలో మొదటిదన్నమాట. దాన్ని రెండు ముక్కలు చేశాను. డిజైను, పేజీలు, సరుకుల జాబితా అయిపోయాయి కాబట్టి 30,000 ఇప్పుడు. డబ్బులు కట్టే గేట్‌వే పని మిగిలింది కాబట్టి 12,000 అది తెరుచుకున్న రోజు. కాగితాలు 15 రోజుల్లో ఇవ్వకపోతే ప్రస్తుతానికి వాట్సాప్ ఆర్డరు బటన్ పెట్టి సైట్ తెరిచేస్తామనీ, అప్పుడు ఆ 12,000 కూడా బాకీ కిందే లెక్కనీ రాశాను. ప్రింటు తీసుకుని నేనే పట్టుకెళ్ళాను. దండం బొమ్మ లేదు.

ఆయన కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివారు. "ఇలా ముందే రాసిస్తే మా అబ్బాయికి పంపేసేవాణ్ని కదా, లెక్కలన్నీ వాడే చూస్తాడు" అన్నారు. కొడుకు బెంగళూరులో ఉన్నాడట, నాకిప్పటిదాకా తెలీదు. గురువారం మధ్యాహ్నం యూపీఐలో 30,000 పడ్డాయి. డొమైన్ కూడా ఆ అబ్బాయి మెయిల్ మీదికి మార్చేశాను. పాన్, బ్యాంకు కాగితాలు కూడా అతనే పంపాడు.

విరిగిన పూతరేకుల సంగతి కూడా తేలింది. డబ్బు వెనక్కివ్వరట. విరిగినవాటి ఫొటో పంపితే వచ్చే ఆర్డరులో అన్ని రేకులు ఎక్కువేస్తారట. దీన్ని రిఫండ్ పాలసీలో ఏ భాషలో రాస్తే రేజర్‌పే వాళ్ళు ఒప్పుకుంటారో చూడాలి.

కానీ కొత్త చిక్కొచ్చింది. "మా గురించి" పేజీకి మాటరు అడిగితే, వాళ్ళ షాపు కరపత్రం ఫైలు పంపారు. పేజ్‌మేకర్. తెరిస్తే సీమ ఎండ గారు చెప్పినట్టే గుర్తులూ, ఇంగ్లీషు అక్షరాలూ. ఫొటోలు అరవై నాలుగు, అన్నీ వాట్సాప్‌లో నలిగిపోయి వచ్చాయి.


సీమ_ఎండ · శనివారం రాత్రి 9:01

ఫొటోలు మళ్ళీ పంపమను, ఈసారి డాక్యుమెంట్‌గా. అట్లయితే వాట్సాప్ నొక్కదు. ఆ కరపత్రం ఏ డీటీపీ సెంటర్లో టైపు చేసినారో కనుక్కో, అనులో ఏ వెర్షనో వాళ్ళకే తెలుస్తుంది. ఒక్క పేజీనే కదా, ప్రింటు పక్కన పెట్టుకుని చేత్తో టైపు చేసేయ్, కన్వర్టర్ కంటే తొందరగా అయిపోతుంది.


డెడ్‌లైన్_దేవుడు · శనివారం రాత్రి 9:12

నాలుగో ఫైల్ దొరికింది. అప్‌లోడ్స్ ఫోల్డర్లనే ఉన్నది అక్కా, తిట్టకు.